టెస్ట్ మ్యాచ్‌కి ఒక్క రోజే వెళ్తే ఏ రోజు, ఏ సీటు?

మిడాన్:
వన్డేలు, టీ20లు స్టేడియంలో చూశాను గానీ టెస్ట్‌కి వెళ్లడం ఇదే మొదలు. ఒక్క రోజుకే వీలవుతుంది. ఏ రోజు మేలు? బౌలర్ వెనక కూర్చోవాలా, పక్కనా? లేచి తిరగడానికి ఎప్పుడు వీలుంటుంది?

గల్లీఫీల్డర్:
టికెట్ ముందే కొనేస్తుంటే రెండో రోజో మూడో రోజో తీసుకోండి. ఐదో రోజు నమ్మకం లేదు, మ్యాచ్ నాలుగో రోజే అయిపోవచ్చు. మొదటి రోజు వెళ్తే మాత్రం టాస్‌కి ముందే లోపల ఉండండి. టాస్ ఆటకి అరగంట ముందు వేస్తారు.

సీటు విషయంలో రెండో మాట లేదు, బౌలర్ వెనకే. సైట్‌స్క్రీన్‌కి (బ్యాటర్‌కి బంతి స్పష్టంగా కనపడాలని బౌలర్ వెనక పెట్టే పెద్ద తెర) కాస్త పక్కగా, ఎత్తులో. స్వింగ్, స్పిన్ అక్కడి నుంచే తెలుస్తాయి. ఒక్కటి గుర్తుంచుకోండి: ఓవర్ మధ్యలో లేవకూడదు. మీరు కదిలితే బ్యాటర్ చెయ్యెత్తి బౌలర్‌ని ఆపేస్తాడు, ఇక స్టేడియమంతా మీ వంకే చూస్తుంది.

పాతబంతి:
రెండో మాట ఉందండీ! బౌలర్ వెనక నుంచి కనిపించేది టీవీలో రోజూ చూసేదే. పక్కన కూర్చుంటే బంతి వేగం, బౌన్స్ తెలుస్తాయి. కీపర్ ఎంత వెనక నిలబడ్డాడో, అతని పక్కన నిలబడే స్లిప్ ఫీల్డర్లు అడుగు ముందుకి ఎప్పుడు జరిగారో చూస్తే పిచ్ నెమ్మదిస్తోందని స్కోర్‌బోర్డు కంటే ముందే పట్టేయొచ్చు. పైగా పిచ్ మామూలుగా ఉత్తర దక్షిణాలుగా ఉంటుంది కాబట్టి పక్క స్టాండ్లు తూర్పు, పడమరల్లో వస్తాయి. పడమటి వైపు తీసుకోండి. మధ్యాహ్నం నుంచి ఎండ వెనక్కి పోతుంది. తూర్పు వైపైతే టీ విరామం తర్వాత కళ్లలోకే కొడుతుంది.

బంతి చేతులు మారడం గమనించండి. కీపర్, స్లిప్, కవర్, మిడాఫ్ మీదుగా బౌలర్‌కి చేరేలోపు అందరూ బంతిని ఒక వైపే మెరిసేలా ప్యాంటుకి రుద్దుతారు. చెమటతోనే, ఉమ్ము 2022లో శాశ్వతంగా నిషేధించారు. పరుగెత్తుతూ బౌలర్ రెండో చేత్తో బంతిని దాస్తున్నాడంటే రివర్స్ స్వింగ్ (పాత బంతి మామూలు స్వింగ్‌కి ఎదురు దిశలో తిరగడం) మొదలైనట్టే. దీనికి ఎనిమిది రెట్లు పెద్దగా చూపే 8x42 బైనాక్యులర్స్ చాలు. పది రెట్లు దాటితే చేతిలో బొమ్మ వణుకుతుంది.

నైట్‌వాచ్‌మన్:
లేచి తిరిగే సంగతి ఎవరూ చెప్పలేదు. రోజుకి 90 ఓవర్లు, గంటకి 15, అంటే ఓవర్‌కి నాలుగు నిమిషాలు. పన్నెండు నిమిషాలు క్యూలో నిలబడితే మూడు ఓవర్లు పోయినట్టే. లంచ్ 40 నిమిషాలు, టీ 20. ఆ టైమ్‌లో అందరూ ఒక్కసారే లేస్తారు కాబట్టి టీలో వెళ్తే ఆట మొదలయ్యేలోపు తిరిగి రాలేరు. సెషన్ మధ్యలో డ్రింక్స్ విరామం అయ్యాక, జోడీ కుదురుకుని ఆడుతున్నప్పుడు వెళ్లిరండి. తొమ్మిది వికెట్లు పడి ఉంటే టీని అరగంట దాకా వెనక్కి జరుపుతారు, అప్పుడు లేవకండి.

80 ఓవర్లయ్యాక కొత్త బంతి తీసుకోవచ్చు. రోజంతా ఒకే ఇన్నింగ్స్ సాగితే అది చివరి పది ఓవర్లలో వస్తుంది. రద్దీ తప్పించుకోవాలని ముందే బయల్దేరేవాళ్లు సరిగ్గా దాన్నే పోగొట్టుకుంటారు. ఓవర్లు మిగిలితే ఆట ఇంకో అరగంట సాగొచ్చు, తిరుగు ప్రయాణం ఆ లెక్కన పెట్టుకోండి.

మిడాన్:
పడమటి స్టాండ్ ఖాయం. డే-నైట్ టెస్ట్ అయితే?

నైట్‌వాచ్‌మన్:
డే-నైట్‌లో వాడే గులాబీ బంతి సంధ్యవేళ బ్యాటర్లకి సరిగా ఆనదు. అప్పుడే లైట్ల కింద కొత్త బంతి పడితే ఇక సీటు వదలొద్దు.