ఈ వారం సమస్య: "తీసివేయువాడె దిట్ట యగును"

సత్యనారాయణపురం (నిర్వహణ):

మిత్రులందరికీ, ఇక్కడ ఎవరి పేట పేరుతో వాళ్లు రాసే సభ్యులందరికీ నమస్కారం. ఈ వారం సమస్య ఇది.

తీసివేయువాడె దిట్ట యగును

ఆటవెలది పద్యంలో నాలుగో పాదం; ముందు మూడు పాదాలూ మీరు రాసి పూరించాలి. అయిదు గణాలూ (అక్షరాల గుంపులు) సూర్యగణాలే, మొదటి అక్షరం 'తీ'కి నాలుగో గణం మొదట ఉన్న 'ది'తో యతి (ధ్వని పొంతన). పురాణకథల వైపు వెళ్లకుండా ఈసారి సాఫ్ట్‌వేర్ పని మీదే పూరించండి. మన సభ్యుల్లో సగం మందికి అదే కూడు పెట్టే వృత్తి కదా.

ఈ పాదం ఎందుకిచ్చానో చెప్తాను. మా నాన్నగారు రేడియోకి పోస్టుకార్డు మీద పూరణలు రాసి పంపేవారు. ముందు చిత్తు కాగితం మీద రాసుకుని, ఎర్ర పెన్సిలు పట్టుకుని కూర్చునేవారు. పాదం నిండడానికి వచ్చి చేరిన 'సుమ్మీ', 'తాను', 'గదా' ఒక్కొక్కటే గీత పడి పోయేవి. చిత్తులో ఎరుపు ఎంత ఎక్కువుంటే కార్డు అంత బాగుండేది. నేను విజయవాడలోనే ఇరవై ఏళ్లుగా ప్రోగ్రామింగ్ చేస్తున్నాను. ఎన్ని పంక్తులు రాశావు, నెలలో ఎన్నిసార్లు కోడ్ ఎక్కించావు అని లెక్కపెట్టి ఇంక్రిమెంట్ తేల్చే చోట్ల కూడా పనిచేశాను. పద్యాన్ని ఎవరూ అక్షరాలు లెక్కపెట్టి మెచ్చుకోరు. కోడ్‌ని ఎందుకు అలా మెచ్చుకుంటున్నామో నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

శనివారం రాత్రి 10 గంటల దాకా గడువు.

పటమట:

నమస్కారమండీ. నాది మొదటి పూరణ.

వేల పంక్తులున్న విలువేమి పెరుగును
రెండువేలు కోసె రీతి దెలిసి
ఆరు రెట్ల వేగ మందెను తెరమీద
తీసివేయువాడె దిట్ట యగును

1982లో యాపిల్ కంపెనీలో లీసా కంప్యూటర్ తయారవుతున్నప్పటి సంగతి ఇది. ఎవరు ఎన్ని పంక్తులు రాశారో వారం వారం ఫారం నింపాలని మేనేజర్లు నియమం పెట్టారు. క్విక్‌డ్రా అనే బొమ్మలు గీసే భాగం రాస్తున్న బిల్ అట్కిన్సన్ ఆ వారం ఒక ముక్కని మొదట్నుంచీ తిరిగి రాశారు. వేగం దాదాపు ఆరు రెట్లు పెరిగింది, కోడ్ రెండు వేల పంక్తులు తగ్గింది. ఫారంలో మైనస్ 2000 అని రాసిచ్చారు. కొన్ని వారాలకి ఆయన్ని ఆ ఫారం అడగడమే మానేశారట.

బ్రాడీపేట:

బాగుంది బాబూ, ధార ఉంది. మూడో పాదంలో 'తెరమీద' పాదపూరణకు వచ్చిందేమో చూసుకో. అది తీసేసినా అర్థం నిలుస్తుంది కదా?

పటమట:

మాస్టారూ, అది కావాలనే వేశాను. క్విక్‌డ్రా పనే తెరమీద ఆకారాలు గీయడం. వేగం కంటికి కనపడేది అక్కడే.

బ్రాడీపేట:

అయితే ఉండనీ. కారణం చెప్పగలిగిన పదం వ్యర్థపదం కాదు.

గన్నవరం:

నేను రాకెట్ మీద ప్రయత్నించాను.

పాత రాకెటందు పనికొచ్చు లెక్కను
కొత్తదానిలోన గూడ నుంచ
నింగికెగసినంత నిమిషమాగక కూలె
తీసివేయువాడె దిట్ట యగును

1996 జూన్ 4న ఏరియన్ 5 అనే ఐరోపా రాకెట్ తొలి ప్రయోగం. దిక్కు చూపే యూనిట్లలో ఏరియన్ 4 నాటి ఒక లెక్క అలాగే ఉండిపోయింది. పాత రాకెట్‌కి కౌంట్‌డౌన్ చివర్లో ఆగితే త్వరగా మళ్లీ మొదలుపెట్టడానికని ఆ లెక్కని బయల్దేరాక కూడా కొన్ని సెకన్ల పాటు నడవనిచ్చేవారు. కొత్తదానికి నేల వదిలాక దానితో పనే లేదు. అయినా నడిచింది. కొత్త రాకెట్ అడ్డదిశ వేగం ఎక్కువ. 64 బిట్ల దశాంశ సంఖ్యని 16 బిట్లలో కుదించబోతే పట్టలేదు, ఎందుకంటే ఆ 16 బిట్లలో 32767 దాటి ఇమడదు. రెండో యూనిట్ కూడా అదే కోడ్‌తో ఉంది కాబట్టి రెండూ ఒకే రకంగా ఆగిపోయాయి. 40 సెకన్లు నిండకుండానే రాకెట్ ముక్కలైంది.

సత్యనారాయణపురం (నిర్వహణ):

'నిమిషమాగక' బాగా కుదిరింది, నిజానికి దగ్గరగా కూడా ఉంది. 'పనికొచ్చు' వ్యావహారికం. గ్రాంథికం కావాలనుకునేవాళ్లు ఒప్పుకోరు గానీ ఈ వస్తువుకి నాకు అభ్యంతరం లేదు. మూడో పాదానికీ నాలుగో పాదానికీ మధ్య మాత్రం లంకె కొంచెం వదులుగా ఉంది. కూలిందన్న వార్త నుంచి దిట్టతనానికి ఒక్కసారి దూకారు.

బెంజిసర్కిల్:

అందరూ తీసేయడాన్ని పొగుడుతున్నారు. నాది వేరే వైపు నుంచి.

పదునొకండు పంక్తి పద్దు దీసినయంత
లోక మెల్ల నాగె లోప మెచట
అరువు గోడమీద నంతస్తు కట్టిన
తీసివేయువాడె దిట్ట యగును

2016 మార్చిలో లెఫ్ట్‌ప్యాడ్ అనే 11 పంక్తుల జావాస్క్రిప్ట్ ప్యాకేజీని (ఎవరైనా తెచ్చి వాడుకోగల కోడ్ ముక్కని) రాసినాయన, అలాంటివన్నీ దొరికే భండారమైన ఎన్‌పీఎమ్ నుంచి తన మిగతా ప్యాకేజీలతో పాటు తీసేసుకున్నారు. అది చేసే పనల్లా మాటకి ఎడమ పక్క ఖాళీలు చేర్చడం. నేరుగానో, వేరే ప్యాకేజీల ద్వారానో దాని మీద ఆధారపడ్డ వేల ప్రాజెక్టులు బిల్డ్ కాకుండా, అంటే ప్రోగ్రామ్‌గా తయారవకుండా నిలబడిపోయాయి. కొన్ని గంటల్లోనే ఎన్‌పీఎమ్ వాళ్లు దాన్ని తిరిగి పెట్టాల్సి వచ్చింది. అరువు గోడ మీద మనం మేడ కట్టుకుంటే, గోడ లాక్కోగలిగినవాడిదే పైచేయి.

బ్రాడీపేట:

మూడో పాదం చదివి రెండు నిమిషాలు ఆగిపోయాను. 'దిట్ట' అనే మాటని నేర్పు నుంచి బలం వైపు తిప్పావు. సమస్యని విరవడమంటే ఇదే. మొదటి పాదం మాత్రం అతుకు. పదకొండుకి 'పంక్తి' అని ఏకవచనం, 'పద్దు' యతి కోసం వచ్చి కూర్చుంది. ఇలా చూడు:

పంక్తులొక్కపరిగ పదునొకండును దీయ

బెంజిసర్కిల్:

చాలా బాగుంది మాస్టారూ, అదే ఉంచుకుంటాను. 'లోకమెల్ల' అతిశయోక్తి అని నాకే అనిపిస్తోంది.

బ్రాడీపేట:

పద్యంలో ఆ మాత్రం చెల్లుతుంది. కింద వివరం సరిగ్గానే రాశావు కదా.

పటమట:

పద్యం కాదు, ఒక మాట. ప్రోగ్రామింగ్ భాషలకీ ఇది వర్తిస్తుంది. గో భాషలో కీవర్డులు, అంటే భాష తన కోసం అట్టిపెట్టుకున్న మాటలు, 25. పని పదే పదే చేయించడానికి వైల్ లూప్ అంటూ వేరే లేదు, ఫర్ ఒక్కటే అన్ని పనులూ చేస్తుంది. మొదట్లో విసుక్కున్నాను, ఇప్పుడు ఎదుటివాళ్ల కోడ్ చదివేటప్పుడు ఆ తక్కువే నాకు హాయి. కాకపోతే ఒకసారి ఇచ్చింది వెనక్కి తీసుకోవడం కష్టం. పైథాన్ 3 2008 డిసెంబరులో వచ్చింది, పైథాన్ 2కి సెలవు చెప్పింది 2020 జనవరి 1న. పాత అలవాట్లు తీసేయడానికి పదకొండేళ్లు పట్టింది.

కొరిటెపాడు:

అందరికీ నమస్కారం. తెలుగు అక్షరం మీద రాశాను.

జ్ఞాన మన్న మాట జడిపించె ఫోనును
కంటి కగుపడనిది కలసె నడుమ
సున్న వెడలు గల్గు సూదిముల్లది, దాని
తీసివేయువాడె దిట్ట యగును

2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అనే మన అక్షరం మెసేజ్‌లో వస్తే ఐఫోన్లలో యాప్‌లు మూసుకుపోయిన సంగతి గుర్తుండే ఉంటుంది. మామూలుగా టైపు చేసిన 'జ్ఞా' ఏమీ చేయలేదు. మధ్యలో జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే, వెడల్పే లేని కనపడని గుర్తు ఉన్నప్పుడే గొడవ. ఆ ముల్లు గురించే పద్యం.

సత్యనారాయణపురం (నిర్వహణ):

అమ్మా, 'సున్న వెడలు గల్గు సూదిముల్లు' అన్న ఊహ ఈ వారానికే తలమానికం. అయినా నాకు ఒక పేచీ ఉంది, కాస్త వివరంగా చెప్తాను.

ఆ కనపడని గుర్తు ముల్లు కాదు. మీరు 'సాఫ్ట్‌వేర్' అని టైపు చేసి చూడండి. 'ట్' దగ్గర పొల్లు నిలబడి 'వే' విడిగా వస్తోందంటే ఆ గుర్తు చలవే. అది తీసేస్తే 'వ' కూడా వత్తుగా మారి ముందు అక్షరం కిందకే చేరి 'సాఫ్ట్వేర్' అవుతుంది. రోజూ వార్తల్లో, మన పోస్టుల్లో, నేను ఇప్పుడు రాస్తున్న ఈ పేరాలో కూడా అది ఉంది. పనిచేస్తోంది కనుకే మనకి కనపడదు. తప్పు అక్షరంలో లేదు, అక్షరాలని కూర్చి తెరమీద గీసే ఫోన్ సాఫ్ట్‌వేర్‌లో ఉంది. యాపిల్ వాళ్లు అదే నెలలో ఐఓఎస్ 11.2.6లో సరిచేసింది కూడా దాన్నే.

అప్పట్లో చాలామంది 'ఆ తెలుగు అక్షరం ప్రమాదకరం, పంపొద్దు' అని ఫార్వర్డ్ చేశారు. అది చదివి నాకు నిజంగా బాధ కలిగింది. తెలుగు 1991 నుంచీ, అన్ని లిపులకీ ఉమ్మడి సంకేతాల పట్టిక అయిన యూనికోడ్‌లో ఉంది. మన లిపి అక్కడికి అతిథిగా వెళ్లలేదు. అందుకే మీ పద్యంలో కూడా ఆ గుర్తుని ముల్లని తీసేయడం నాకు ఒప్పుదల కాలేదు.

కొరిటెపాడు:

మీరు చెప్పాక ఈ కోణం తట్టిందండీ. గుర్తుని తీసేయాలనే అర్థమే వస్తోంది నా పద్యంలో, తప్పే. మూడో పాదం మార్చాను:

సున్న వెడలు గల్గు సూత్రమ్ము, దోషమ్ము
తీసివేయువాడె దిట్ట యగును

అది రెండు అక్షరాల మధ్య ఉండే దారం. దారాన్ని ఉంచి దోషాన్ని తీసినవాడు దిట్ట.

సత్యనారాయణపురం (నిర్వహణ):

సూత్రమంటే దారం, సూత్రమంటే నియమం కూడా. గణాలు, యతి అన్నీ సరి. సూదిముల్లు పోయినందుకు చిన్న దిగులున్నా ఇదే నిలవాలి.

బెంజిసర్కిల్:

మా తమ్ముడు ఇంజనీరింగ్ మూడో ఏడు, వాడి మొదటి పద్యమిది. పెద్దలు చూడండి.

అడుగగానె యంత్ర మిచ్చెను వేలుగా
చదువకుండ నతుకు జనులు పెక్కు
చేట చేతబట్టి చెరిగి చెరిగి పొట్టు
తీసివేయువాడె దిట్ట యగును

ఏఐ రాసిచ్చిన కోడ్ గురించి.

బ్రాడీపేట:

తమ్ముడికి ఆశీస్సులు. మొదటి పాదంలో యతి తప్పింది. 'అ'కి నాలుగో గణం మొదట 'ఇ' వచ్చింది, కుదరదు. ఒక్క మాట మారిస్తే చాలు: 'యంత్ర మందించె వేలుగా'. అప్పుడు 'అ'కి 'అం' సరిపోతుంది, గణాలు చెడవు. మూడో పాదం ముట్టుకోవద్దు. మా అమ్మ వరండాలో కూర్చుని బియ్యం చెరుగుతున్న చప్పుడు వినపడింది నాకు. చేటలోంచి పొట్టు ఒక్క విసురుకి పోదు బాబూ, 'చెరిగి చెరిగి' అని రెండుసార్లు అనడంలో ఆ ఓపిక ఉంది. పాదం నింపడానికి వచ్చిన పునరుక్తి కాదది.

అరండల్‌పేట:

ఆలస్యంగా వచ్చాను, మన్నించాలి. ఇది సొంత అనుభవం.

గోనె బరువు తీయు కోడొక పంక్తిలో
నొకటి తగ్గుచుండు నొట్టి యంకె
కారణమ్ము తెలిసి కామెంటు రాసియే
తీసివేయువాడె దిట్ట యగును

గుంటూరు మిర్చి యార్డుతో వ్యాపారం చేసే ఒక కమీషన్ కొట్టుకి బిల్లులు వేసే సాఫ్ట్‌వేర్ చేసిచ్చాను. కాంటా బరువులోంచి టిక్కీకి (మిర్చి బస్తాకి) ఒక కిలో గోనె కింద తగ్గించాలన్నది ఆ కొట్టు లెక్క. నేను 'బరువు మైనస్ 1' అని ఒక పంక్తి రాసి ఊరుకున్నాను. ఎందుకో చెప్పే కామెంటు, అంటే కోడ్ చదివేవాళ్ల కోసం పెట్టే వివరణ, రాయలేదు. మూడేళ్ల తర్వాత నా దగ్గర చేరిన అబ్బాయి పాత కోడ్ శుభ్రం చేస్తూ, అర్థం లేని ఒకటి కనపడుతోందని దాన్ని తీసేశాడు. ప్రోగ్రామ్ ఎక్కడా ఆగలేదు, ఎర్రర్ రాలేదు. రెండు రోజుల తర్వాత అక్కడి గుమాస్తాగారు చేత్తో రాసుకునే పద్దు పుస్తకం పట్టుకుని ఫోన్ చేశారు. 180 టిక్కీలకి 180 కిలోలు తేడా. ఆ రెండు రోజుల బిల్లులూ మళ్లీ వేసి, ఒక్కొక్కరికీ ఫోన్ చేసి చెప్పుకునేసరికి అర్ధరాత్రి దాటింది. ఆ అబ్బాయి ముఖంలో టెన్షన్ చూడలేకపోయాను. తప్పు వాడిది కాదు. కారణం రాయని నాది.

బ్రాడీపేట:

నలభై ఏళ్లు లెక్కలు చెప్పినవాణ్ణి, ఇది నాకు ముందు తట్టలేదు. తీసివేత అంటే బళ్లో నేర్పే తీసివేతే! బరువులోంచి ఒకటి తీసివేసే పంక్తి, ఆ పంక్తిని తీసివేసిన అబ్బాయి. ఇద్దరూ 'తీసివేయువారే'. పద్యంలో ఇంత శ్లేష పెట్టి కింద మాటైనా అనలేదేమమ్మా?

అరండల్‌పేట:

నిజం చెప్తున్నాను మాస్టారూ, నాకూ మీరు చెప్పాకే కనపడింది.

గన్నవరం:

నా పద్యంలో లంకె వదులని అన్నారు కదా, ఇది చదివాక ఎందుకో తెలిసింది. రాకెట్‌లో పాత లెక్క ఉంచేసినవాళ్లకీ, ఈ అబ్బాయికీ ఒకటే లోటు. అదెందుకుందో చెప్పే మాట వాళ్ల ముందు లేదు. మూడో పాదం తిరగరాసి రేపు పెడతాను.

సత్యనారాయణపురం (నిర్వహణ):

గడువు అయిపోయినా మీ కోసం తెరిచే ఉంచుతాను. అరండల్‌పేట గారూ, ఆ పంక్తి ఇప్పుడు ఎలా ఉందో చెప్పండి.

అరండల్‌పేట:

తిరిగి పెట్టాం. దాని పైన కామెంటు ఆ అబ్బాయి చేతే రాయించాను, తెలుగులోనే: 'టిక్కీకి గోనె బరువు 1 కిలో తీసివేత. కొట్టువారి లెక్క. గోతాలు మారితే వాళ్లని అడిగి అంకె మార్చాలి.' కింద తేదీ కూడా వేశాడు.