డోసు తగ్గిస్తున్నప్పుడే చీగాంగ్ చేయొచ్చా, మాత్ర పూర్తిగా మానేదాకా ఆగాలా?

కృష్ణాతీరం, విజయవాడ

అందరికీ నమస్కారం. నాకు 46 ఏళ్లు. ఎనిమిదేళ్ల క్రితం అత్తయ్యగారు పోయాక నిద్ర పట్టక డాక్టరు దగ్గరికి వెళ్తే క్లోనాజెపామ్ అర మిల్లీగ్రాము రాశారు. నెల రోజులకని రాసిన మాత్ర ఎనిమిదేళ్లు వేసుకున్నాను. ఎవరూ ఆపమనలేదు, నేనూ అడగలేదు. ఇప్పుడు వేరే సైకియాట్రిస్టు సాయంతో ఏడు నెలలుగా కొద్దికొద్దిగా తగ్గిస్తూ సగానికి వచ్చాను.

సింగపూర్‌లో ఉండే మా ఆడపడుచు చీగాంగ్ నేర్చుకుంది. ఊపిరితో పాటు మెల్లగా ఒళ్లు కదిలించే చైనా సాధన అది. పోయిన ఆదివారం వీడియో కాల్‌లో బాదువాన్‌జిన్ అనే ఎనిమిది కదలికల వరస చేయించింది. చివర్లో చెట్టుని కౌగిలించుకున్నట్టు చేతులు పెట్టి పది నిమిషాలు కదలకుండా నిలబడమంది. చేస్తున్నంతసేపూ హాయిగా ఉంది. ఆ రాత్రి మాత్రం నరకం. ఒంట్లో మోటారు తిరుగుతున్నట్టు సన్నటి వణుకు, గుండె దడ. తెల్లవారుజామున నాలుగింటి దాకా కన్ను మూతపడలేదు. ఫోన్ చేస్తే "లోపలున్న చెడంతా బయటికి పోతోంది వదినా, ఆపొద్దు" అంది. మా డాక్టరు గారికి చీగాంగ్ సంగతి తెలియదు, నడిస్తే చాలన్నారు. కొనసాగించాలా, ఆపాలా?

హడ్సన్ ఒడ్డు, న్యూజెర్సీ

అమ్మా, దయచేసి ఆపకండి. మీ మాత్ర జాతిదే అయిన అల్‌ప్రజోలామ్ నేను మానేసి రెండున్నరేళ్లయింది. మానిన మొదటి ఏడాది నన్ను నిలబెట్టింది చీగాంగే. మొదట్లో నాకూ వణుకు వచ్చింది, చేతులు తిమ్మిరెక్కాయి. అది మంచి సూచన అని మా గురువుగారు ధైర్యం చెప్పారు. రెండు నెలలు పట్టుదలగా చేశాక తగ్గింది. చైనాలో పొద్దున్నే పార్కుల్లో డెబ్బై, ఎనభై ఏళ్లవాళ్లు చేస్తుంటారు. మాత్ర ఏళ్ల తరబడి రాసిస్తున్నప్పుడు ఎవరికీ లేని భయం, చేతులెత్తి దించమంటే ఎందుకొస్తోందో నాకు అర్థం కాదు.

వార్డు డ్యూటీ, వరంగల్

హడ్సన్ ఒడ్డు గారూ, మీకు మేలు జరిగినందుకు నిజంగా సంతోషం. కానీ మీరు మాత్ర మానేశాక మొదలుపెట్టారు, ఈవిడ ఇంకా తగ్గిస్తున్నారు. అది పెద్ద తేడా. నేను సైకియాట్రీ వార్డులో పదిహేనేళ్లుగా స్టాఫ్ నర్సుని, అందుకే చెబుతున్నాను.

క్లోనాజెపామ్, అల్‌ప్రజోలామ్, డయాజెపామ్ అన్నీ మెదడులో గాబా అనే రసాయనం పనిని పెంచుతాయి. గాబా బండికి బ్రేకు లాంటిది. ఏళ్ల తరబడి మాత్రే బ్రేకు తొక్కుతుంటే ఒంటికున్న సొంత బ్రేకు మెత్తబడుతుంది. మళ్లీ పట్టు దొరకడానికి నెలలు కావాలి. ఆలోపు మామూలు మనిషికి లెక్కలేనిది కూడా వీళ్లకి ఎక్కువైపోతుంది. గట్టి కాఫీ, పెళ్లింటి సందడి, బస్సులో హారను. కదలకుండా పది నిమిషాలు నిలబడటమూ అంతే. రక్తం కాళ్లలోకి దిగుతుంది, దాన్ని సర్దుకోవడానికి గుండె వేగం పెంచుకుంటుంది. మోకాళ్లు బిగించి నిలబడితే తల తిరిగి పడిపోవచ్చు కూడా.

తిమ్మిర్ల సంగతి. అవసరానికి మించి ఊపిరి తీస్తే రక్తంలో కార్బన్ డై ఆక్సైడ్ తగ్గిపోయి వేళ్లు, పెదాల చుట్టూ తిమ్మిరెక్కుతుంది, తల తేలిపోతుంది. శక్తి కదులుతోందనుకుని ఇంకా లోతుగా తీస్తే ఇంకా పెరుగుతుంది. కపాలభాతి, భస్త్రిక చేసి ఇలాగే భయపడిపోయి వచ్చినవాళ్లను నేను చూశాను. చెడు బయటికి పోతోందన్న మాట వింటే నాకు బాధేస్తుంది. ఆ మాట నమ్మినవాళ్లు ఒళ్లు వద్దంటున్నా వినకుండా ఇంకా ఎక్కువ చేస్తారు.

నా సలహా ఇది. మాత్ర పూర్తిగా ఆగి మూడు నెలలు గడిచేదాకా చీగాంగ్ వద్దు. నడక చాలు.

పన్నెండేళ్ల సాధన, మెల్‌బోర్న్

వార్డు డ్యూటీ అక్కా, మీరు చెప్పిన కారణాలన్నీ ఒప్పుకుంటాను, చివరి సలహా ఒప్పుకోలేను. ఈవిడ వేగంతో ఇంకో ఏడాది పట్టొచ్చు. ఆ ఏడాదంతా నీ ఒళ్లు పెళుసు, ముట్టుకోకు అని చెబితే ఆ భయమే ఒక జబ్బవుతుంది.

చీగాంగ్ అంటే ఒకే పని అన్నట్టు మాట్లాడుతున్నాం. కాదు. 1973లో చైనాలోని చాంగ్‌షా దగ్గర మావాంగ్‌దుయ్ సమాధిలో పట్టు గుడ్డ మీద గీసిన వ్యాయామాల బొమ్మలు దొరికాయి. ఆ సమాధి క్రీ.పూ. 168 నాటిది. అందులో ఉన్నది ఒళ్లు సాగదీయడం, వంగడం, చేతులెత్తడం. చీగాంగ్ అన్న పేరుతో ఆస్పత్రి వైద్యంగా మారింది 1950లలో, లియు గుయ్‌జెన్ పూనికతో, బెయ్‌దాయ్‌హ శానటోరియం లాంటి చోట్ల. 2003లో చైనా ఆరోగ్య చీగాంగ్ సంఘం నాలుగు వరసలకు ఒక రూపం ఇచ్చింది. బాదువాన్‌జిన్ అందులో ఒకటి. కదలకుండా నిలబడటం, ఊపిరి బిగబట్టడం, బొడ్డు కింద మనసు నిలిపి వేడి పుట్టించడం వేరే దారి. ఆ దారి గురించి చైనావాళ్లే ఎప్పటినుంచో హెచ్చరిస్తున్నారు. సాధన వికటిస్తే జౌహువో రుమో అంటారు, నిప్పు దారి తప్పి దయ్యం చొరబడింది అని అర్థం. 1994లో అమెరికా మానసిక వైద్యులు జబ్బుల్ని గుర్తించడానికి వాడే డీఎస్ఎం-4 పుస్తకంలో కూడా చీగాంగ్ తర్వాత వచ్చే మతిచాంచల్యం గురించి రాశారు. కాబట్టి హడ్సన్ అన్నా, వణుకొచ్చినా చేస్తూనే ఉండమనడం ఆ విద్యలోనే లేదు.

బాదువాన్‌జిన్ ఎనిమిది కదలికల్లోనే తేడాలున్నాయి. మొదటిది రెండు చేతులతో ఆకాశాన్ని మోయడం, మూడోది ఒక చేయి పైకి, ఒక చేయి కిందికి. ఈ రెండూ కుర్చీలో కూర్చుని చేసుకోవచ్చు. అయిదోదాంట్లో తల వంచి తిప్పాలి, ఆరోదాంట్లో పాదాల దాకా వంగాలి. తల తిరిగేవాళ్లకి రెండూ పనికిరావు. ఏడోది పిడికిలి బిగించి కళ్లురిమి చూడటం, ఒంటిని రెచ్చగొట్టేది. ఎనిమిదోదాంట్లో మడమలు ఎత్తి నేలకి కొట్టాలి, ఏడుసార్లు. లోపల వణుకున్న మనిషితో అది ఎందుకు చేయించాలి?

హడ్సన్ ఒడ్డు, న్యూజెర్సీ

తమ్ముడూ, గురువు లేకుండా ముక్కలు ఏరుకుంటే అది చీగాంగ్ ఎలా అవుతుంది? ఇంకో సంగతి. హెరాయిన్ మానుతున్న 86 మందితో చైనాలో చేసిన అధ్యయనం 2002లో వచ్చింది. చీగాంగ్ చేసినవాళ్లకి విత్‌డ్రాయల్ లక్షణాలు, అంటే మానేటప్పుడు వచ్చే బాధలు, త్వరగా తగ్గాయని అందులో ఉంది. హెరాయిన్‌కే పనికొచ్చింది కదా?

వార్డు డ్యూటీ, వరంగల్

ఆ రెండిటి దారులు వేరండీ. హెరాయిన్ బాధ ఎక్కువగా మొదటి వారం పది రోజుల్లో ఎగసి దిగుతుంది. ఈ మాత్రలది నెలల తరబడి వచ్చిపోతుంటుంది. హఠాత్తుగా ఆపితే ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదికి రావచ్చు. ఆ అధ్యయనాన్ని తెచ్చి ఇక్కడ పెట్టలేం.

పాలమూరు బిడ్డ, మహబూబ్‌నగర్

ఇది చెప్పాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించిన. అల్‌ప్రజోలామ్ రోజుకు 1 మిల్లీగ్రాము, మూడేళ్లు వేసుకున్న. ఆన్‌లైన్‌లో చీగాంగ్ క్లాసులో చేరితే మూడు వారాల్లో చాలా హుషారొచ్చింది. క్లాసు చెప్పేటాయన నీకిక ఆ విషం అక్కర్లేదు అన్నడు. నమ్మి ఒక్కసారే ఆపిన. మూడో రోజు బాత్రూంలో ఫిట్స్ వచ్చి పడిపోయిన. ముందు పన్ను విరిగింది, నా చిన్న బిడ్డ చూసి కేకలు పెట్టింది.

మా జిల్లాలో ఇది కొత్త కాదు. 2015లో కల్తీ కల్లు మీద దాడులు జరిగినప్పుడు ఇక్కడా, నిజామాబాద్‌లోనూ ఎంతమంది వింతగా ప్రవర్తిస్తూ, ఫిట్స్‌తో ఆస్పత్రులకు పోయిన్రో మాకు గుర్తుంది. ఆ కల్లులో కలిపేది ఈ డయాజెపామ్, అల్‌ప్రజోలామ్ జాతి మందులే. అంత కళ్లారా చూసినోణ్ని, నా మాత్రా అదే అని నాకు తట్టలే. చీగాంగ్ చెడ్డదని అనను. హుషారుగా ఉందని మాత్ర జోలికి పోవద్దు, అంతే చెప్తున్న.

హడ్సన్ ఒడ్డు, న్యూజెర్సీ

చదివి మనసు కలుక్కుమంది. మాత్ర ఆపమని నేను ఎవరికీ చెప్పలేదు, చెప్పను. కానీ "ఆపకండి" అని ఈవిడకి రాసినప్పుడు డోసు సంగతి అడగలేదు. అది నా తప్పు.

వార్డు డ్యూటీ, వరంగల్

పాలమూరు తమ్ముడూ, చెప్పి మంచి పని చేశావు. కృష్ణాతీరం గారూ, ఒకటి అడగడం మర్చిపోయాను. చివరిసారి డోసు ఎప్పుడు తగ్గించారు?

కృష్ణాతీరం, విజయవాడ

క్యాలెండర్ చూశాను. సోమవారం తగ్గించాను, చీగాంగ్ చేసింది ఆ ఆదివారం. ఆరు రోజులు.

వార్డు డ్యూటీ, వరంగల్

నేననుకున్నదే. క్లోనాజెపామ్ ఒంట్లోంచి మెల్లగా దిగే మందు. సగం పోవడానికే చాలామందికి 30 నుంచి 40 గంటలు పడుతుంది. అందుకే ఈ రోజు తగ్గిస్తే దెబ్బ వారం చివర్లో తగలొచ్చు. ఆ రాత్రి పాపం చీగాంగ్‌దో, డోసుదో, రెండిటిదో ఇప్పుడు ఎవరూ తేల్చలేరు. నేను కూడా తొందరపడి చీగాంగ్ మీదకే నెట్టాను.

ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్‌లో 1982 నుంచి 1994 దాకా ఈ మాత్రలు మాన్పించే క్లినిక్ నడిపిన హెదర్ ఆష్టన్ గారు, వేగం రోగి చేతిలో ఉండాలని గట్టిగా చెప్పేవారు. 2025లో అమెరికా వైద్య సంఘాలు కలిసి ఇచ్చిన మార్గదర్శకాల్లో మొదట్లో 5 నుంచి 10 శాతం, రెండు నుంచి నాలుగు వారాలకోసారి తగ్గించమన్నారు. అంటే రెండు తగ్గింపుల మధ్య స్థిమితంగా ఉండే రోజులు కొన్ని దొరుకుతాయి. కొత్తది ఏదైనా ఆ రోజుల్లోనే మొదలుపెట్టాలి. మూడు నెలలు ఆగమన్న నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. నిలబడి చేసే ధ్యానం, ఊపిరి బిగబట్టడం మాత్రం ఇప్పటికీ వద్దనే అంటాను.

పన్నెండేళ్ల సాధన, మెల్‌బోర్న్

ఆ రెండూ నేనూ వద్దంటున్నాను అక్కా. అమ్మా, మీరు మొదటి కదలిక ఒక్కటే తీసుకోండి. పొద్దున పూట, టిఫిన్ తిన్న గంటకి, కుర్చీలో, కళ్లు తెరిచి. మూడు నిమిషాలు. ఊపిరి దానంతటది నడవాలి, లెక్కపెట్టొద్దు. మనసు బొడ్డు కింద కాదు, అరిచేతుల మీదో, కిటికీ బయట చెట్టు మీదో ఉంచండి. టెన్షన్‌లో ఉన్న మనిషి లోపలికి చూస్తే గుండె చప్పుడే వినపడుతుంది. మూడు నిమిషాలయ్యాక ఇంకా చేయాలనిపిస్తుంది. చేయకండి. రాత్రి ఎలా గడిచిందో రాసుకుని, వారం చూశాక ఒక్క నిమిషం పెంచండి. ముక్కలు ఏరుకుంటే చీగాంగ్ ఎలా అవుతుందని హడ్సన్ అన్న అడిగారు. మా టీచరు నాకు మొదటి నాలుగు నెలలూ ఆ ఒక్క కదలికే నేర్పింది.

వార్డు డ్యూటీ, వరంగల్

బీపీకో, దడకో ప్రొప్రనలాల్ లాంటివి వాడుతుంటే అవీ సొంతంగా ఆపకూడదు. వాటితో నాడి ఎప్పుడూ నెమ్మదిగానే ఉంటుంది కాబట్టి దాన్ని చూసి బాగున్నానని అనుకోవద్దు. ఫిట్స్, లేనిది కనపడటం, చచ్చిపోవాలన్న ఆలోచన, వీటిలో ఏది వచ్చినా ఇక్కడ రాసి జవాబు కోసం ఎదురుచూడకండి, నేరుగా ఆస్పత్రికి వెళ్లండి. రాత్రిపూట మాట్లాడే మనిషి కావాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 ఉంది, తెలుగులో మాట్లాడతారు.

కృష్ణాతీరం, విజయవాడ

మూడు వారాల తర్వాత రాస్తున్నాను. డాక్టరు గారితో మాట్లాడి డోసు అక్కడే ఆపి ఉంచాం. చీగాంగ్ ఇప్పుడు అయిదు నిమిషాలు, కుర్చీలోనే, వరండాలో. మధ్యలో ఒక రాత్రి మళ్లీ ఆ మోటారు వణుకు వచ్చింది. ఆ రోజు చుట్టాలొచ్చి అసలు చీగాంగే చేయలేదు! డైరీ లేకపోతే దాన్నే తిట్టుకునేదాన్ని. మా ఆడపడుచుకి ఇదంతా చదివి వినిపిస్తే, తనకి నేర్పినావిడని అడిగి మళ్లీ ఫోన్ చేసింది. మందులు వాడేవాళ్లకి నిలబడే సాధన చెప్పకూడదని ఆవిడే అన్నారట.

వచ్చే సోమవారం మళ్లీ తగ్గించాలి. ఆ వారం అయిదు నిమిషాలే ఉంచనా, పూర్తిగా ఆపనా?

పన్నెండేళ్ల సాధన, మెల్‌బోర్న్

అయిదే ఉంచండి. అలవాటైంది కాబట్టి ఆపడం కూడా ఒక మార్పే అవుతుంది. ఏ రోజైనా చేతులెత్తాలనిపించకపోతే కుర్చీలో ఊరికే కూర్చోండి.

వార్డు డ్యూటీ, వరంగల్

ఈసారి నాదీ అదే మాట. వచ్చే ఆదివారం రాత్రి ఎలా గడిచిందో రాయండి, చూస్తుంటాను.