ఈ వారం సమస్య: బొమ్మ పాడె పాట బొమ్మ గీసె

నిర్వాహకుడు: రాత్రి రేడియో వింటూ కూర్చుంటే తట్టిన పాదం ఇది. ఇదే చివరి పాదంగా పద్యం పూరించండి. షరతు ఒక్కటే. మీకు ప్రాణమైన పాటో, పుస్తకమో, బొమ్మో పద్యంలో కనిపించాలి. కామాలు నేను పెట్టలేదు, ఎక్కడ విరుచుకుంటారో మీ ఇష్టం.

మంజీర:

పటము విప్పి నిలిచి పల్లెలో కథ చెప్ప
ఎఱ్ఱ రంగు నేల నెల్లఁ గప్ప
వేలు చూపు చోట వెలసెను వీరులు
బొమ్మ పాడె, పాట బొమ్మ గీసె.

నా ఇష్టం చేర్యాల నకాశీ పటం. పటం చూపిస్తూ కథ చెప్పే కూనపులి వాళ్ళు పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పేటప్పుడు పటం మొత్తం ఒకేసారి విప్పరు. కథ ఎంతవరకు వస్తే పటం అంతవరకు దిగుతుంది. గుడ్డ మీద చింతగింజల జిగురు, సుద్ద పూసి ఆరబెట్టి, ఆ పైన గీసిన బొమ్మలవి. వెనకంతా ఎరుపే. పాట ఆగితే ఆ బొమ్మ సగమే, బొమ్మ లేకపోతే ఆ పాటా సగమే.

వంశధార: ‘వేలు చూపు చోట వెలసెను’ దగ్గరే సమస్య తీరిపోయింది. పూరణ అంటే ఇదీ. ‘కప్ప’ దగ్గర మాత్రం చదివేవాడు ఒక్క క్షణం చెరువు గట్టున ఆగుతాడు.

మంజీర: ‘నెల్లఁ’ మీద అరసున్న ఉందిగా వంశధార గారూ. అది చూసినవాళ్ళకు ‘నేలనంతా కప్పగా’ అని తెలుస్తుంది, చెరువు కనపడదు.

గౌతమి:

మనుమరాలు మాది మాణిక్య మనఁదగు
సరళి వరుస నేర్చి సంతసమున
సుద్ద ముక్క పట్టి శుభ్రమౌ గోడపై
బొమ్మ పాడె పాట, బొమ్మ గీసె.

చిత్రావతి: అబ్బ, ఏం విరుపండీ! ‘పాట’ను ముందుకు లాగేసరికి సమస్యలో ఉన్న వింతంతా ఇంట్లో రోజూ జరిగే పనైపోయింది. ‘శుభ్రమౌ గోడ’ అనడంలో తాతగారి ముఖం కూడా కనపడుతోంది.

వంశధార: విరుపు బాగుంది, కాదనను. కానీ గౌతమి గారికి చిక్కు వచ్చినప్పుడల్లా ఒక బొమ్మో, ఒక పిల్లో అడ్డం పడుతుంది. ‘చీమ కుట్టి గజము చిందులేసె’ అని ఇచ్చిన వారం గుర్తుందా? ఆ ఏనుగును కొండపల్లి బొమ్మను చేసి, గూట్లో నుంచి కింద పడేశారు. పొణికి కర్ర ఏనుగు చిందులేయడం ఏమిటని అప్పుడే అడిగాను. జవాబు ఇంకా రాలేదు.

గౌతమి: జవాబు పద్యంలోనే ఉంది. పిల్లవాడి చేతిలో ఉంది ఆ ఏనుగు. వాడి వేలిని చీమ కుట్టింది, ఏనుగు ఎగిరింది. మీరు రెండో పాదం వదిలేసి చదివారు.

నిర్వాహకుడు: ఆ పూరణ నాకూ ఇష్టమే, కానీ ఏనుగును ఈ వారానికి వదిలేద్దాం. గౌతమి గారూ, షరతు ప్రకారం మీకు ఇష్టమైన బొమ్మ ఏదీ?

గౌతమి: గోడ మీద ఉన్నదే. సున్నం వేయించమని ఇంట్లో అంటున్నారు, నేను ఒప్పుకోవడం లేదు.

చిత్రావతి:

లలిత శిల్ప మున్న లేపాక్షి గుడిలోన
రంభ యాడ బ్రహ్మ రాతి మీద
మద్దెలందుకొనఁగ మైమఱచితి నేను
బొమ్మ పాడె, పాట బొమ్మ గీసె.

లేపాక్షి వెళ్ళినవాళ్ళంతా ముందు వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి చూస్తారు. నేను నాట్యమండపంలో నిలబడిపోతాను. రంభ ఒక స్తంభం మీద ఉంటే, వాయించేవాళ్ళు చుట్టూ తక్కిన స్తంభాల మీద ఉంటారు. మధ్యలో మనం నిలబడితే కచేరీ మనకే. అచ్యుతరాయల కాలం నుంచి ఆ మద్దెల ఆగలేదు.

వంశధార: భావం గొప్పది. రెండో పాదంలో ‘యాడ బ్రహ్మ’ చూడండి. ‘బ్ర’ సంయుక్తాక్షరం, దాని ముందున్న ‘డ’ గురువు కావాలి, గణం చెడింది.

మంజీర: చెడలేదు. ‘ఆడ’ తెలుగు క్రియ, ‘బ్రహ్మ’ వేరే పదం. సమాసమైతే మీ మాట ఒప్పుకునేదాన్ని. ఇక్కడ ‘డ’ను ఎవరూ ఊది పలకరు.

నిర్వాహకుడు: రెండో పాదానికి ఏ లోటూ లేదు. అందరూ అక్కడే నిలబడి మొదటి పాదం దాటేశారు. పాదం మొదటి అక్షరానికి మధ్యలో ‘లేపాక్షి’ దగ్గర జోడు కుదరాలి కదా, ల–లే యతి ఎలా కుదిరింది?

చిత్రావతి: ‘లేత యెండ వేళ లేపాక్షి గుడిలోన’.

మంజీర: యతి కోసం వచ్చిన లేత ఎండ పద్యానికే వెలుగు తెచ్చింది. పొద్దున పక్క నుంచి వెలుతురు పడితేనే కదా రాతిలో చెయ్యి కదిలినట్టు ఉండేది! వంశధార గారూ, తప్పులు చూడటం అయింది, మీ పద్యం ఏది?

వంశధార:

రాగి రేకు మీఁద వ్రాసిన పదములు
కొండ యఱను దాగి యుండి, వెడలి
గొంతులందుఁ జేరి గోవిందుఁ జూపెను
బొమ్మ పాడె, పాట బొమ్మ గీసె.

అన్నమయ్య పదాలకంటే నాకు ఇష్టమైనవి లేవు. రాసినవి ముప్పైరెండు వేలంటారు, మనకు దక్కినవి అందులో సగం కూడా కావు. దక్కినవి ఆ రాగి రేకుల పుణ్యమే.

గౌతమి: పాట గోవిందుణ్ణి చూపింది, సరే. ‘బొమ్మ పాడె’ సంగతి ఏమిటి? సగం సమస్య అలాగే మిగిలిపోయింది.

వంశధార: తిరుమలలో ఆ రేకులు దాచిన అర, అదే సంకీర్తన భాండారం, గోడకు రెండు పక్కలా అన్నమయ్య ఇంటి తాళ్ళపాక వారి శిల్పాలు ఉన్నాయి. ఆ బొమ్మే పాడింది.

గౌతమి: చక్కని సంగతి. అది పద్యంలో ఉండాలి, వివరణలో కాదు. నా ఏనుగుకైనా రెండో పాదం తోడుంది.

మంజీర: మూడో పాదం ఇలా మారిస్తే? ‘అఱకుఁ గాపుగాఁగ నన్నమాచార్యుల’. అప్పుడు నేరుగా నాలుగో పాదంలోకి దిగుతుంది: అన్నమాచార్యుల బొమ్మ పాడె!

నిర్వాహకుడు: ఆహా! సమస్య నాదే అయినా, ‘బొమ్మ’కు ముందు ఇలా ఒక షష్ఠీ విభక్తి వచ్చి అతుక్కుంటుందని నాకు తట్టలేదు.

వంశధార: ధన్యవాదాలు మంజీర గారూ. గోవిందుణ్ణి రెండో పాదంలోకి తెచ్చాను:

రాగి రేకు మీఁద వ్రాసిన పదములఁ
గనుల మ్రోల స్వామి కదలి నిలువ
అఱకుఁ గాపుగాఁగ నన్నమాచార్యుల
బొమ్మ పాడె, పాట బొమ్మ గీసె.

గౌతమి: ఇప్పుడు రెండు సగాలూ నిండాయి. ఈ వారం నా ఓటు దీనికే.

చిత్రావతి: నాదీ దీనికే. ‘మ్రోల స్వామి’లో ‘ల’ను మీరు లఘువుగానే వాడారు వంశధార గారూ, సరిగ్గానే వాడారు. నా ‘యాడ బ్రహ్మ’కూ అదే లెక్క వేయండి.