"పూచీ నాది" అంటే డబ్బు ఎవరివ్వాలి?

చిత్తూరు నుంచి ఒక సభ్యుడు అడిగిన ప్రశ్నకు ఇక్కడ వివరంగా రాస్తున్నాను. తోతాపురి మామిడి కాయలు ర్యాంపులో (రైతుల కాయలు తూకం వేసి కొనే చోట) తూకం వేశారు, అక్కడి నుంచి గుజ్జు ఫ్యాక్టరీకి వెళ్లాయి. రైతు వెనకాడితే ర్యాంపు నిర్వాహకుడు "తోలండి, పూచీ నాది" అన్నాడు. ఫ్యాక్టరీ డబ్బు ఇవ్వలేదు. దావాలో ప్రతివాది ఎవరు? 'పూచీ'కి నిఘంటువు అర్థం చూపిస్తే కోర్టులో నిలుస్తుందా?

నిఘంటువుతో ఈ తగవు తేలదు. మూడు వేర్వేరు పనులను మనం ఆ ఒక్క మాటతోనే చెబుతున్నాం.

పాత ధర్మశాస్త్ర గ్రంథమైన యాజ్ఞవల్క్య స్మృతి ఆ మూడింటినీ విడదీసింది. దర్శనం: పిలిచినప్పుడు మనిషిని తెచ్చి నిలబెడతాను. ప్రత్యయం: ఇతను నమ్మదగినవాడు, నా మాట మీద ఇవ్వండి. దానం: అతను ఇవ్వకపోతే నేనిస్తాను. మొదటి రెండింటిలో మాట తప్పితే ఆ భారం పూచీపడ్డవాడితోనే ఆగిపోతుంది. దానానికి పూచీపడి ఉంటే అతని తర్వాత కొడుకులూ చెల్లించాలంది. ఏ రకం పూచీ అన్నది ఒక కుటుంబం ఆస్తిని తేల్చే ప్రశ్న కాబట్టే అంత నిక్కచ్చిగా విడదీశారు. ఈ స్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షర అనే వ్యాఖ్యను కేతన 13వ శతాబ్దిలోనే తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. మన భాషకు ఈ చర్చ కొత్త కాదని చెప్పడానికే ఆ పేరు తలుస్తున్నాను.

పూచీపడ్డవాడిని సంస్కృత నిఘంటువు అమరకోశం లగ్నకుడు, ప్రతిభువు అంటుంది. పాత తెలుగులో పూటకాపు. అరబ్బీ మూలం నుంచి పార్శీ మీదుగా వచ్చిన జామీను ఇప్పుడు ఎక్కువగా బెయిలు దగ్గరే వినిపిస్తోంది. మిగిలిన పనులన్నీ పూచీ మీద పడ్డాయి. "సొంత పూచీకత్తుపై విడుదల" అని పత్రికలో చదివితే అది దర్శనం. "ఆ పిల్లవాడికి నేను పూచీ" అంటే ప్రత్యయం. "డబ్బుకు నేను పూచీ" అంటే దానం. ర్యాంపు దగ్గర పలికిన "పూచీ నాది"లో దేనికి పూచీ అన్నదే లేదు. అందుకే ప్రతివాది తరఫు వకీలు "మంచి ఫ్యాక్టరీ అని చెప్పాడు, అంతే" అని వాదించగలడు.

ఇంకొక అర్థానికీ చోటుంది. "కాయలు వాళ్లకు తోలండి, డబ్బు నా దగ్గర తీసుకోండి" అంటే అది పూచీయే కాదు, అప్పు మొదటి నుంచీ అతనిదే. 1704 నాటి బర్క్‌మయర్, డార్నెల్ కేసులో ఇంగ్లండు న్యాయస్థానం ఈ తేడానే పట్టుకుంది: ఇద్దరు దుకాణానికి వచ్చి, ఒకరు కొంటుంటే రెండోవాడు "అతను ఇవ్వకపోతే నేనిస్తాను" అంటే హామీ, "సరుకు అతనికివ్వండి, డబ్బు నేనిస్తాను" అంటే సొంత బాకీ. అక్కడ 1677 చట్టం ప్రకారం హామీకి రాతపూర్వక ఆధారం కావాలి. మన 1872 కాంట్రాక్టు చట్టం 126వ సెక్షను నోటిమాట హామీని కూడా ఒప్పుకుంటుంది. ఇది రైతుకు మేలే, కానీ ఏ మాట అన్నాడో సాక్ష్యంతో నిరూపించాల్సిన భారం కూడా అతనిదే.

నిర్వాహకుడు కేవలం ఫ్యాక్టరీ ఏజెంటుగా కాయలు తీసుకుంటే, వేరే ఒప్పందం లేనంతవరకు అదే చట్టం 230వ సెక్షను ప్రకారం సొంతంగా బాధ్యుడు కాడు. అయితే ఎవరి తరఫున కొంటున్నాడో చెప్పకపోతే బాధ్యత అతనిదేనని కోర్టు భావిస్తుంది. కాబట్టి తూకం చీటీ మీద ఎవరి పేరుంది, "తరఫున" అన్న మాట ఉందా లేదా అన్నది ముందు చూడండి. నాకు 'పూచీ' కన్నా ఆ 'తరఫున' ముఖ్యంగా కనిపిస్తోంది.

తిరుపతి నుంచి ఒక చెల్లెలు "ముందు ఫ్యాక్టరీ మీద వేసి, అక్కడ రాకపోతేనే ఈయన మీదికి రావాలా?" అని అడిగారు. అవసరం లేదమ్మా. దానం అర్థంలో పూచీ రుజువైతే, ఒప్పందంలో వేరుగా లేనంతవరకు 128వ సెక్షను ప్రకారం అసలు బాకీదారుకు ఎంత బాధ్యతో పూచీపడ్డవాడికీ అంతే. ఇద్దరినీ ఒకే దావాలో చేర్చవచ్చు. చెల్లించాక అతను 145వ సెక్షను కింద ఫ్యాక్టరీ నుంచి రాబట్టుకుంటాడు. దావా వేయడానికి గడువు మూడేళ్లు. అరువుకు తేదీ అనుకోకుండా సరుకు అమ్మితే ఫ్యాక్టరీ మీది దావాకు ఆ మూడేళ్లు సరుకు అప్పగించిన రోజు నుంచే నడుస్తాయి. "వచ్చే సీజనుకు ఇస్తాం" అన్న మాట మీద కూర్చోకండి.

ఈసారి కాయలు తోలేటప్పుడు చీటీ వెనక "పూచీ" అని మాత్రమే రాయించుకోవద్దు. "ఫలానా ఫ్యాక్టరీ ఫలానా తేదీలోగా చెల్లించకపోతే ఈ మొత్తం నేను చెల్లిస్తాను" అని పూర్తి వాక్యం రాయించి, సంతకం, తేదీ తీసుకోండి.