750 గంటలు: భార్యాభర్తలవి కలిపి చూపొచ్చా? (చర్చ)

డాలస్_అద్దిల్లు: మూడు ఇళ్ల అద్దె నష్టాన్ని డబ్ల్యూ-2 (ఉద్యోగ) జీతంలోంచి తీసేయాలంటే అమెరికా పన్నులో రియల్ ఎస్టేట్ ప్రొఫెషనల్ హోదా కావాలి కదా, అంటే ఏడాదికి 750 గంటలు దాటి, మొత్తం పని సమయంలో సగానికి మించి స్థిరాస్తి పనే చేయాలి. 750 గంటలు ఇద్దరం పంచుకోవచ్చా? గంటల లాగ్‌కి (పని చిట్టాకి) ఎక్సెల్ చాలా? ఇళ్లన్నీ కలిపి ఒకటిగా లెక్కించమనే ఎలక్షన్ (ఎంపిక) స్టేట్‌మెంట్ ఎక్కడ పెట్టాలి?

షెడ్యూల్_ఈ: అసలు చిక్కు 750 దగ్గర లేదండీ, "సగానికి మించి" దగ్గరుంది. ఏడాదికి 2,080 గంటల ఉద్యోగం ఉంటే ఇళ్ల పని 2,080 దాటాలి. మూడు ఇళ్లకి అంత పని చూపిస్తే ఎవరు నమ్ముతారు?

ప్లేనో_బాబాయ్: జాయింట్ రిటర్నే కదా, ఇద్దరివీ కలిపేయండి. పన్ను చట్టం సెక్షన్ 469(హెచ్)(5)లో ఉంది.

గళ్లనోటు: దయచేసి ఇలా చెప్పకండి, నోటీసులొచ్చేది ఇందుకే! (హెచ్)(5) మెటీరియల్ పార్టిసిపేషన్‌కి (ఆ ఇళ్ల పనిలో నిజంగా, క్రమంగా పాల్గొన్నారా అన్న పరీక్షకి) మాత్రమే. 750, సగం, ఈ రెండూ ఒక్కరే విడిగా దాటాలి. 469(సి)(7)(బి) చివరి వాక్యం చదవండి.

ప్లేనో_బాబాయ్: చదివాను. మా సీపీఏ (అకౌంటెంట్) కలిపే వేస్తారు.

గళ్లనోటు: ఆడిట్ వస్తే పన్ను, వడ్డీ, పెనాల్టీ కట్టేది మీరు బాబాయ్ గారూ, సీపీఏ కాదు.

పద్నాలుగేళ్ల_ఫైలింగ్: పద్నాలుగేళ్లుగా ఇవే రిటర్నులు చేస్తున్నాను, కేసు పోయేది లాగ్ దగ్గరే. "రిపేర్లు, 3 గంటలు" అని రాస్తే నిలవదు. "మార్చి 12, ఉ. 9:40–11:15, రెండో ఇల్లు, వాటర్ హీటర్ థర్మోకపుల్ మార్పు, రసీదు ఉంది" అని రాయాలి. ఫోన్ వస్తుందేమోనని సిద్ధంగా ఉన్న గంటల్ని 2010లో మాస్ కేసులో టాక్స్ కోర్టు ఒప్పుకోలేదు.

బీచ్_కాండో: ఇదంతా ఎందుకు? సగటు బస 7 రోజులు మించకపోతే అది రెంటల్ యాక్టివిటీయే కాదు, 750తో పనే లేదు. మీరు 100 గంటలు దాటి, ఇంకెవరూ మీకన్నా ఎక్కువ చేయకుంటే చాలు. క్లీనర్ గంటలు మాత్రం రాసిపెట్టుకోండి.

గళ్లనోటు: అడిగింది ఏడాది లీజుల గురించి!

కూకట్‌పల్లి_ఫ్లాట్: ఇండియా ఫ్లాట్ నష్టం కూడా షెడ్యూల్ ఈలోకే (అద్దె లెక్కలు చూపే ఫారం) వస్తుంది. 2018 నుంచి అద్దెకిచ్చినవాటికి డిప్రిసియేషన్ (ఇంటి ఖర్చుని ఏళ్లకి పంచి తీసేయడం) అమెరికా ఇళ్లలా 27.5 ఏళ్లు కాదు, 30. మొదటి ఏడాదే ఎక్కువ తీసేసే బోనస్ డిప్రిసియేషన్ రాదు.

షెడ్యూల్_ఈ: ఎలక్షన్ సంగతి ఎవరూ చెప్పలేదు. పన్ను నిబంధన 1.469-9(జి) కింద ఆ స్టేట్‌మెంట్ ఆ ఏడాది రిటర్న్‌కే జతచేయాలి, లేకపోతే పార్టిసిపేషన్ ఒక్కో ఇంటికీ విడిగా నిరూపించాలి. మరిచిపోతే ఆలస్యంగా ఇచ్చేందుకు ఐఆర్ఎస్ (అమెరికా పన్ను శాఖ) రెవెన్యూ ప్రొసీజర్ 2011-34 ఉంది. కానీ కలిపాక ఒక్క ఇల్లు అమ్మితే దాని పాత ప్యాసివ్ నష్టం (ముందు ఏళ్లలో జీతంలోంచి తీసేయలేక మిగిలినది) మొత్తంగా విడుదల కాదు.

ప్లేనో_బాబాయ్: సరే, భార్య బిల్డర్ దగ్గర జీతానికి చేస్తే?

గళ్లనోటు: ఆ కంపెనీలో 5 శాతానికి మించి వాటా ఉంటేనే ఆ గంటలు లెక్కలోకొస్తాయి.