టీవీ డబ్బులొస్తున్నా రగ్బీ లీగ్ క్లబ్బులు ఎందుకు మునిగిపోతున్నాయండీ?

ఎంవీపీ_మావయ్య:

నమస్తే అందరికీ. ముందే చెప్పేస్తున్నా, రగ్బీ గురించి నాకు నిన్నమొన్నటి దాకా ఓనమాలు తెలీవు. మా అక్క కొడుకు ఒకడు మాంచెస్టర్ పక్కన సాల్ఫర్డ్‌లో చదువుకుని అక్కడే ఏదో గోడౌన్‌లో చేస్తున్నాడు, వాడి షిఫ్టులో ఒక పెద్దాయన ఉన్నాడట, ఆయన ప్రతి మ్యాచ్‌కీ లాక్కెళ్ళి లాక్కెళ్ళి వీడికి సాల్ఫర్డ్ రెడ్ డెవిల్స్ పిచ్చి ఎక్కించేశాడు. ఇది 15 మంది ఆడే రగ్బీ కాదండి, 13 మందిది, రగ్బీ లీగ్ అంటారు. చూస్తే మన కబడ్డీ వాళ్ళ చేతికి బంతి ఇచ్చినట్టు ఉంటుంది, పట్టుకుని పడేస్తారు, లేచి మళ్ళీ మొదలెడతారు, ఆరు సార్లు పడేస్తే బంతి అవతలోళ్ళకి.

2025 ఫిబ్రవరిలో ఓ రాత్రి ఫోన్ చేసి "మావయ్యా, 82-0" అన్నాడు. క్రికెట్ అనుకుని, 82కి ఒక్క వికెట్ కూడా పడలేదంటే బానే ఆడుతున్నార్రా అన్నాను. వాడు ఏడుపొక్కటే తక్కువ. సెయింట్ హెలెన్స్ చేతిలో అలా ఓడిపోయారట, అదీ లీగ్‌లో మొదటి మ్యాచ్. క్లబ్బు దగ్గర డబ్బుల్లేక జీతాల మీద 12 లక్షల పౌండ్ల పరిమితి పెడితే పెద్ద ప్లేయర్లని పక్కన పెట్టి కుర్రాళ్ళని దింపారట. తర్వాత ఏడాదంతా జీతాలు లేటు, ప్లేయర్లు ఒక్కొక్కళ్ళూ జారుకోవడం, ఆఖరికి డిసెంబర్‌లో కోర్టు మూసేయమంది. 1873లో పెట్టిన క్లబ్బు అండి అది, 2019లో అక్కడి పెద్ద లీగ్, సూపర్ లీగ్, ఫైనల్ ఆడింది.

నా డౌటేంటంటే, టీవీ వాళ్ళు డబ్బులిస్తారు, టికెట్లు అమ్ముతారు, జెర్సీలు అమ్ముతారు, బీరు కూడా అమ్ముతారు, మరి ఎక్కడికి పోతున్నాయి ఆ డబ్బులన్నీ? వాడికి చెప్పడానికి నా దగ్గర సమాధానం లేదు. లెక్కలు తెలిసినోళ్ళు ఎవరైనా ఉంటే కాస్త చెప్పండి.

ద్వారకానగర్_లెడ్జర్:

మావయ్య గారూ, నేను ఆడిట్ ఆఫీసులో ఇరవై ఏళ్ళుగా లెక్కలు చూస్తున్నాను, ఆట నాకూ తెలీదు కానీ రోగం మాత్రం బాగా తెలిసిందే.

ఒకటి ఆలోచించండి. ఒక క్లబ్బుకి సొంతూళ్ళో లీగ్ మ్యాచులు ఏడాదికి పదమూడో పద్నాలుగో. మన కళ్యాణమండపం ఓనరుకి ముహూర్తాలున్న రోజులే వ్యాపారం, మూఢం వచ్చిందంటే తాళం, అయినా ఆయన బతికేస్తాడు ఎందుకంటే మండపం ఆయనది, ఆషాఢంలో చీరల ఎగ్జిబిషన్‌కి ఇస్తాడు, కింద షాపుల అద్దెలొస్తాయి. సాల్ఫర్డ్ సంగతి అలా కాదు. 2011 తర్వాత పాత గ్రౌండ్ వదిలేసి 12 వేలు పట్టే కొత్త స్టేడియానికి అద్దెకి వెళ్ళారు, మామూలు రోజుల్లో అందులో సగం నిండటమే కష్టం. అంటే పరాయి మండపంలో క్యాటరింగ్ చేసుకునే వాడన్నమాట, వంటోళ్ళకి మాత్రం ఏడాది పొడుగునా జీతాలివ్వాలి.

ఇక జీతాలు. సూపర్ లీగ్‌లో జట్టు జీతాల క్యాప్ 21 లక్షల పౌండ్లు, మన డబ్బుల్లో పాతిక కోట్ల దగ్గర. క్యాప్ అంటే అంతకి మించకూడదనే కానీ అంతా ఖర్చు పెట్టమని కాదు కదా, కానీ పక్కోడు పెడుతుంటే మనం పెట్టకపోతే ఓడిపోతాం, ఓడితే జనం రారు, అందుకని అందరూ అక్కడికే ఎగబాకుతారు. పెద్ద టీవీ డబ్బు చూస్తే 1996లో స్కై టీవీ వాళ్ళు ఐదేళ్ళకి 87 మిలియన్ పౌండ్లిచ్చి సూపర్ లీగ్ పెట్టించారు, తర్వాత బాగా పెరిగి ఏడాదికి 40 మిలియన్ల దాకా వెళ్ళి, 2022లో 25 దగ్గరకి పడిపోయింది. ఆదాయం పడినంత సులువుగా జీతాలు పడవండి, కాంట్రాక్టులుంటాయి.

మధ్యలో పడ్డ గొయ్యి ఎవరు పూడుస్తారు? ఓనరు. అదీ పెట్టుబడిలా కాదు, చాలాసార్లు అప్పులా రాసుకుంటాడు. ఆయనకి విసుగొచ్చిన రోజు, లేదా ఆయన అసలు వ్యాపారం దెబ్బతిన్న రోజు, క్లబ్బు పని ఖాళీ. టొరంటో వుల్ఫ్‌ప్యాక్ అని కెనడాలో పెట్టారు, ఒక్క ఓనరు జేబు మీదే నడిచింది, సోనీ బిల్ విలియమ్స్ అనే న్యూజిలాండ్ రగ్బీ స్టార్‌ని తెచ్చి బ్రహ్మాండంగా సూపర్ లీగ్‌కి వచ్చారు, 2020లో కోవిడ్ రాగానే సీజన్ మధ్యలో చేతులెత్తేశారు.

ఇంకో మాట, ఇది నా అనుభవం. డబ్బుకి కటకట వచ్చిన ఏ కంపెనీ అయినా ముందు ఆపేది గవర్నమెంటుకి కట్టాల్సింది. జీతంలో టీడీఎస్ కోస్తారు, కట్టరు, పీఎఫ్ కోస్తారు, కట్టరు, ఎందుకంటే గవర్నమెంటోడు మర్నాడే గుమ్మం ముందుకి రాడు. వచ్చిన రోజు మాత్రం కోర్టు కాగితంతోనే వస్తాడు. బ్రిటన్‌లోనూ అంతే, క్లబ్బుల్ని ఎక్కువగా కోర్టుకి లాగేది పన్ను శాఖే, సాల్ఫర్డ్‌కి జరిగిందీ అదే.

యలమంచిలి_టు_లీడ్స్:

లెడ్జర్ గారు చెప్పిన దాంట్లో చాలా వరకు నిజమే కానీ "సొంత గ్రౌండ్ ఉంటే చాలు" అన్నట్టు వినిపిస్తోంది, అక్కడ ఒప్పుకోను. నేను లీడ్స్‌లో తొమ్మిదేళ్ళుగా ఉంటున్నా, పక్కూరు బ్రాడ్‌ఫర్డ్, బస్సులో వెళ్ళొచ్చు.

బ్రాడ్‌ఫర్డ్ గ్రౌండ్ పేరు ఆడ్సల్. పాత క్వారీ గొయ్యి, చెత్త పోసి పూడ్చిన చోట 1934లో గ్రౌండ్ చేశారు, పైనుంచి చూస్తే పెద్ద మూకుడులా ఉంటుంది. 1954లో ఒక ఫైనల్‌కి అక్కడ లెక్కకొచ్చిన జనమే 1,02,569 మంది. గేట్లు దూకి వచ్చినోళ్ళు వేరే. ఇప్పుడు వెళ్తే వాన పడుతుంటే మెట్ల మీద నిలబడి చూడాలి, నేను ఒక ఫిబ్రవరిలో వెళ్ళి కాళ్ళు కొయ్యబారిపోయి మధ్యలో వచ్చేశాను. ఆ గొయ్యిలో పెళ్ళిళ్ళు ఎవరు చేసుకుంటారండీ, రిపేర్లకే తినేస్తుంది. 1997, 2001, 2003, 2005 నాలుగు సార్లు ఛాంపియన్లు వాళ్ళు. 2012లో డబ్బుల్లేక ఆ గ్రౌండ్ లీజుని గవర్నింగ్ బాడీకే అమ్ముకున్నారు, ఫ్యాన్స్ డబ్బాలు పట్టుకుని చందాలు వసూలు చేసి లక్షల పౌండ్లు తెచ్చిచ్చారు, అయినా అదే ఏడాది అడ్మినిస్ట్రేషన్‌లోకి, అంటే దివాలా రక్షణలోకి, వెళ్ళారు. 2017 జనవరిలో పూర్తిగా లిక్విడేషన్, అంటే కంపెనీయే మూత. మళ్ళీ కొత్త కంపెనీ పెట్టి కింది డివిజన్‌లో మైనస్ 12 పాయింట్లతో మొదలెట్టారు, 2026కి తిరిగి పైకొచ్చారు.

మా లీడ్స్ రైనోస్‌కి హెడింగ్లే ఉంది. పక్కనే క్రికెట్ గ్రౌండ్, రెండిటికీ ఒకటే స్టాండ్ వీపులు ఆనించుకుని, 2019లో కొత్తగా కట్టారు. మ్యాచ్ లేని రోజు అక్కడ కాన్ఫరెన్సులు, పార్టీలు. మా ఆఫీసు క్రిస్మస్ భోజనం అక్కడే పెట్టారు ఒకసారి, ఎండిపోయిన టర్కీ ముక్కలు, నోట్లో పెట్టుకోలేకపోయాను, కానీ హాలు ఫుల్లు. అంటే గ్రౌండ్ ఉండటం కాదు, మ్యాచ్ లేని రోజు కూడా డబ్బు తెచ్చే గ్రౌండ్ ఉండాలి.

అసలు గోల ఇంకోటుంది. ఈ ఆట పుట్టిందే డబ్బు గొడవలో. 1895 ఆగస్టు 29న హడర్స్‌ఫీల్డ్‌లో జార్జ్ హోటల్లో ఉత్తరాది క్లబ్బులు కూర్చుని రగ్బీ యూనియన్‌ నుంచి విడిపోయాయి, గని కూలీలు, మిల్లు కూలీలు శనివారం ఆటకొస్తే పోయే కూలి ఇవ్వాలా వద్దా అన్నదే తగాదా. ఇప్పటికీ క్లబ్బుల్లో ఎక్కువ ఆ ఊళ్ళలోనే ఉన్నాయి. గనులు పోయాయి, మిల్లులు పోయాయి, క్లబ్బులు మిగిలాయి. క్యాసిల్‌ఫోర్డ్ అని ఊరుంది, మన గాజువాకలో ఓ మూల సరిపోతుంది, ఆ ఊరికి సూపర్ లీగ్ టీము. స్పాన్సర్ ఎవడొస్తాడు, లోకల్ కిటికీల కంపెనీ, లోకల్ వ్యాను డీలరు. 1995లో దాన్నీ, పక్క ఊళ్ళ క్లబ్బులు వేక్‌ఫీల్డ్‌నీ ఫెదర్‌స్టోన్‌నీ కలిపి ఒకే క్లబ్బు చేద్దామంటే జనం రోడ్డెక్కారు. లెక్కల ప్రకారం కలపడమే కరెక్టు. కానీ పెందుర్తి వాణ్ణీ గోపాలపట్నం వాణ్ణీ ఒక టీముకి చప్పట్లు కొట్టమనండి చూద్దాం.

గాజువాక_కూత:

గాజువాకలో ఓ మూలా? సరేలే బాబూ, మాట పడతాం.

నాను ఇరవయ్యేళ్ళుగా కబడ్డీ టోర్నీలు ఎడతన్నాను, ఈ లెక్కలన్నీ సదివితే నా పాత పుస్తకం సదివినట్టే ఉంది. ఒక ఏడాది ఓ స్థలాల వ్యాపారం పెద్దాయన, పేరెందుకులెండి, రెండు లక్షలిస్తానని మైకులో సెప్పీసాడు. ఆ మాట నమ్మీసి మేం ప్రైజు మనీ పెంచీసినాం, బయట జిల్లాలోళ్ళని పిలిచినాం, వాళ్ళకి గదులు, మూడు పూట్ల బోజనం, మ్యాటు అద్దెకి తెచ్చినాం, లైట్లకి జనరేటరు. రెండో రోజు వాన. మూడో రోజు ఆయన పంపింది అరవై వేలు, ఆయన బొమ్మతో ఓ నలబై ఫ్లెక్సీలు. ఫ్లెక్సీలు తిని బతుకుతామేటి? ఫైనల్ అయిపోయిన తెల్లారి షామియానా వోడొచ్చి మా అరుగు మీద కూకున్నాడు, మా ఆవిడ వాడికి టీ ఇచ్చింది, రెండో టీ ఇచ్చింది, మూడోసారి నా వైపు సూసిన సూపు సెప్పలేను. బండి అమ్మి కట్టినాను.

తప్పు ఆయన్దే అని అందరూ అన్నారు గానీ నాకు తెలుసు, డబ్బు సేతికి రాకముందే ప్రైజు మనీ పెంచింది నాను. ఆ సాల్ఫర్డోళ్ళు కూడా అదే సేసుంటారు, కొత్త ఓనర్లొస్తన్నారు డబ్బులొస్తాయి అనీసి.

ద్వారకానగర్_లెడ్జర్:

కూత గారూ, మీరు చెప్పింది అక్షరాలా నిజం. 2024 నవంబర్‌లో సాల్ఫర్డ్‌కి లీగ్ వాళ్ళే తర్వాతి ఏడాది రావాల్సిన డబ్బులోంచి 5 లక్షల పౌండ్లు ముందుగా ఇచ్చారు, ఫిబ్రవరిలో కొత్త ఓనర్లొచ్చారు, డబ్బు మాత్రం రేపు మాపు అంటూనే ఉంది. వచ్చే ఏడాది జీతం అడ్వాన్సు తీసుకుని ఈ ఏడాది అప్పు తీర్చడమంటే ఏంటో ఉద్యోగం చేసే ప్రతివాడికీ తెలుసు.

సీతమ్మధార_శిరీష:

మీరంతా ఇంగ్లండ్ దగ్గరే ఆగిపోయారు, ఇదే ఆట ఆస్ట్రేలియాలో ఎలా నడుస్తుందో చూడండి. మా ఆడపడుచు వాళ్ళు సిడ్నీ పడమటి వైపు పెన్రిత్‌ దగ్గర ఉంటారు. అక్కడ క్లబ్బు అంటే ఆడే టీము ఒక్కటే కాదు, వెనకాల లీగ్స్ క్లబ్ అని ఉంటుంది, భోజనాలు, బారు, లోపల వరసగా పోకీ మెషీన్లు, అంటే జూదం మెషీన్లు. మేం వెళ్ళినప్పుడు మా అత్తగారు వీడియో గేములనుకుని వెళ్ళి కూర్చున్నారు, ఇరవై డాలర్లు పోయాక గానీ లేవలేదు. ఆ ఇరవై డాలర్లు అలా తిరిగి తిరిగి టీముకి చేరతాయి. టీవీ డబ్బు కూడా పెద్దది, అక్కడి లీగ్ ఎన్ఆర్ఎల్ ఒక్కో క్లబ్బుకి ఇచ్చే గ్రాంటు జీతాల క్యాప్ కంటే ఎక్కువే ఉంటుంది. అంటే సీజన్ మొదలవకముందే ప్లేయర్ల జీతాలు వచ్చేసినట్టే. 2028లో పపువా న్యూ గినీ టీము వస్తోంది, దానికీ పసిఫిక్‌లో ఈ ఆట పెంచడానికీ కలిపి ఆస్ట్రేలియా ప్రభుత్వమే పదేళ్ళకి 60 కోట్ల డాలర్లు పెడుతోంది, ఆట కోసం కాదులెండి, పసిఫిక్‌లో చైనా రాకుండా.

అక్కడా ఊరికే అయిపోలేదు. న్యూటౌన్ అనే పాత క్లబ్బు 1983తో పెద్ద లీగ్ నుంచి పోయింది, సౌత్ సిడ్నీని 1999 తర్వాత తీసేస్తే జనం ఊరేగింపులు చేసి కోర్టుకెళ్ళి 2002లో తిరిగి తెచ్చుకున్నారు. కానీ ఎవరి ఇంట్లోనో జీతం మెషీన్‌లో పోతే మన టీము బతకడం, అది నాకు మింగుడు పడదు. ఏ డబ్బైనా డబ్బే అనేవాళ్ళతో నేను వాదించలేను.

మన దగ్గరా ఉన్నాయిగా కథలు. డెక్కన్ ఛార్జర్స్ 2009లో ఐపీఎల్ కప్పు కొట్టింది, 2012 తర్వాత టీమే లేదు. హైదరాబాద్ ఎఫ్‌సీ 2022లో ఐఎస్ఎల్ కప్పు కొట్టింది, రెండేళ్ళు తిరక్కుండా జీతాల్లేక ప్లేయర్లు వెళ్ళిపోయారు, 2025లో ఓనర్లు దాన్ని ఢిల్లీకి పట్టుకుపోయారు. కప్పు గెలిస్తే క్లబ్బు బాగున్నట్టు అనుకుంటాం, అది వేరే పుస్తకం.

ఎంవీపీ_మావయ్య:

అమ్మో ఇంత ఉందా. శిరీష గారూ మీ అత్తగారి ముక్క మా ఆవిడకి చదివి వినిపించాను, ఇంకా నవ్వుతోంది.

మరి ఆ లీగ్ వాళ్ళు చూస్తూ కూర్చున్నారా? లెక్కలు బాగోని వాళ్ళని ముందే ఆపొచ్చు కదా?

యలమంచిలి_టు_లీడ్స్:

ఆపుదామనే ఐఎంజీ అనే స్పోర్ట్స్ మార్కెటింగ్ కంపెనీ వాళ్ళని 12 ఏళ్ళకి పెట్టుకున్నారు 2022లో. ఇప్పుడు గెలిస్తే పైకి, ఓడితే కిందకి కాదు, మార్కులు వేస్తారు, 20కి ఇన్ని అని. జనం, ఆట, డబ్బు, స్టేడియం, చుట్టూ ఊరు, అన్నిటికీ మార్కులు, 15 దాటితే ఏ గ్రేడు. లండన్ బ్రాంకోస్ 2023లో గెలిచి పైకొచ్చారు, 2024 సీజన్ మొదలవకముందే వాళ్ళకి తెలుసు మార్కుల ప్రకారం ఏడాదికే కిందకి పోతామని. ఏడాదంతా అలా ఆడారు పాపం. అంత పరీక్ష పెట్టినా సాల్ఫర్డ్ 2025లో ఆడింది, మునిగింది. మార్కులు పోయిన ఏడాది లెక్క చూసి వేస్తారు, ఈ నెల బ్యాంకులో ఎంతుందో చూసి కాదు.

ఎంవీపీ_మావయ్య:

మావాడికి ఇదంతా చెప్పాను. వాడన్నది ఒకటే, ఆ పెద్దాయన ఇప్పుడు శుక్రవారం రాత్రి షిఫ్టు కూడా తీసుకుంటున్నాడట. ఇన్నాళ్ళూ శుక్రవారాలు ఖాళీ పెట్టుకునేవాడట మ్యాచ్ కోసం.

గాజువాక_కూత:

అయ్యో.

మావయ్య గారూ, ఈ సంక్రాంతికి మళ్ళీ టోర్నీ ఎడతన్నాం, మీరూ రండి. ఎవరి దగ్గరైనా మ్యాటు అద్దెకుంటే సెప్పండి, రెండు కోర్టులకి కావాలి.

ద్వారకానగర్_లెడ్జర్:

మ్యాటు సంగతి సరే, స్పాన్సర్ డబ్బులు చేతికొచ్చాయా?

గాజువాక_కూత:

సగం. మిగతా సగం బోగి నాటికి అన్నాడు.