బోదెలో నత్తలు పోయాయి, తూనీగ పిల్లలు ఉన్నాయి. ఎందుకండి?

బోదె గట్టు: మాది అంతర్వేది వైపు పల్లె. చేను పక్క బోదెలో (పిల్ల కాలువలో) నత్తలు గంపలకొద్దీ దొరికేవి. మా మామ్మ బాతులకని ఏరుకొచ్చి రోట్లో దంచేది. నిరుడు గట్టవతల మడ నేలలో రొయ్యల చెరువు తవ్వారు. పైకి తీసిన నల్లమట్టి ఎండి, దానిమీద లేత పసుపు మరకలు తేలాయి. తొలకరి వానకి బోదె నీళ్లు తుప్పు రంగుకి తిరిగాయి. ఇప్పుడు బతికున్న నత్త ఒక్కటీ లేదు. ఖాళీ గుల్లలు కొన దగ్గర తెల్లగా అరిగి, నొక్కితే పొడి అయిపోతున్నాయి. నీళ్లలో ఆమ్లం ఎంతుందో చెప్పే పీహెచ్ స్ట్రిప్ ముంచితే 5 కన్నా కిందే చూపించింది (7 కన్నా ఎంత తగ్గితే ఆమ్లం అంత ఎక్కువట). ఊళ్లో అందరూ పురుగుమందే అంటున్నారు. నాకు నమ్మకం కుదరట్లేదు, టెన్షన్‌గా ఉంది.

జువాలజీ మాస్టారు: పురుగుమందైతే ముందు పోవాల్సింది తూనీగ పిల్లలే, అవి పురుగులు కదా. నత్తలు దానికి కాస్త తట్టుకుంటాయి. మీ దగ్గర తిరగబడింది. మడ నేలల అడుగు మట్టిలో ఇనుము, గంధకం కలిసిన ఖనిజం ఉంటుంది. తడిగా ఉన్నంతకాలం ఊరుకుంటుంది. గాలి తగిలితే గంధకామ్లం పుడుతుంది, వాన దాన్ని కడిగి దించుతుంది. పీహెచ్ 7 నుంచి 5కి దిగిందంటే ఆమ్లం రెండు రెట్లు కాదు, వంద రెట్లు పెరిగినట్టు. నత్తగుల్ల అంటే సున్నమే, ఆ నీళ్లలో కరిగిపోతుంది. మట్టిలోంచి అల్యూమినియం కూడా కరిగి దిగి చేపల మొప్పలకి పట్టుకుంటుంది.

చెరువుల మనిషి: ఉప్పు చూశారా అండి? చెరువు నీళ్లు బోదెలోకి వదిలినా నత్తలు చస్తాయి.

బోదె గట్టు: చూశానండి, చప్పగానే ఉన్నాయి. చెరువులో ఇంకా నీళ్లే పెట్టలేదు.

చెరువుల మనిషి: అయితే మాస్టారి మాటే. గట్టు మీద సున్నం చల్లించండి, వాన నీరు బోదెలోకి దిగకుండా అడ్డం వేయించండి. పీహెచ్ పడిపోతే మా రొయ్యలకీ కుబుసం విడిచాక పెంకు గట్టిపడదు.

జువాలజీ మాస్టారు: కెనడాలో 223 నంబరు సరస్సులోకి 1976 నుంచి కావాలనే ఆమ్లం వదిలి చూశారు. పీహెచ్ 6.8 నుంచి మెల్లగా 5 దాకా దించారు. ముందు చిన్న రొయ్యలు, చిన్న చేపలు పోయాయి. వాటిని తిని బతికే పెద్ద చేపలు తిండి లేక చిక్కిపోయాయి. మీ బాతుల సంగతీ అంతే. ధవళేశ్వరం నుంచి వచ్చే కాలువ నీళ్లకి కాస్త క్షారగుణం ఉంటుంది, ఆమ్లాన్ని విరుస్తాయి. కాలువ వదిలాక మళ్లీ కొలవండి, ఎగువన నత్తలున్నాయేమో చూడండి.

బోదె గట్టు: లాకు దగ్గర ఉన్నాయండి, నిన్ననే చూశాను. ఆదివారం చెరువు యజమానితో మాట్లాడి సున్నం చల్లిస్తాను. నీళ్లు 7కి చేరాక అక్కడి నత్తలు కొన్ని తెచ్చి వదులుతాను.